ముప్పావు కేజీ పుంజు

నిన్న సాయంత్రం మా అమ్మాయి డాబా మీద నుంచి ఒకటే కేకలు, అమ్మా పెట్ట గంపలోంచి లేవట్లేదు, చెయ్యి పెడితే ఒళ్ళంతా ఉబ్బించుకుని కుర్ర్ మంటోంది, జబ్బు చేసిందేమో రా అని. పైకెళ్ళి చూస్తే జబ్బూ లేదు గిబ్బూ లేదు, పొదుగుకొచ్చింది అంతే. దాని మొహం చూడగానే నాకు పాత గుంటూరులో అమ్మమ్మ వాళ్ళ ఇల్లు, ఆ వాకిలి, ఆ మిరపకాయల ఘాటు అన్నీ కలిపి ముక్కుకి తగిలినట్టయింది. రాత్రి పన్నెండైనా నిద్ర పట్టలేదు, అందుకే ఇలా రాస్తూ కూర్చున్నా.

మా తాతయ్య మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. కాటా దగ్గర నిలబడి టిక్కీల, అంటే మిరపకాయల బస్తాల బరువులు రాసుకోవడం ఆయన పని. ముప్పై ఏళ్ళు అదే పని చేశాడేమో ఇంట్లో కూడా ఏ వస్తువు వచ్చినా ముందు చేత్తో ఎత్తి చూసేవాడు, గుమ్మడికాయ అయినా, మావిడిపళ్ళ బుట్ట అయినా, సెలవలకి వచ్చిన మనవరాలైనా. "పోయినసారి కంటే కేజీ తగ్గింది, సరిగ్గా తినట్లేదు ఇది" అని నన్ను ఎత్తుకునే చెప్పేసేవాడు, చాలాసార్లు నిజమే అయ్యేది.

ఆ ఇంట్లో అప్పటికే ఏడెనిమిది నాటుకోళ్ళుండేవి. వాటికి పేర్లుండేవి కావు, పేరు పెడితే తర్వాత కష్టం కదా, చుట్టాలొచ్చినా, ఆదివారమొచ్చినా వాటిలో ఒకటి లెక్క తగ్గేది. కోడంటే రెండు కేజీలా, రెండున్నరా, ముదురా, లేతా, అంతే మాట. పిల్లలం మేం కూడా అట్టాగే మాట్లాడేవాళ్ళం.

1994 సంక్రాంతికి మా పెద్ద మావయ్య మద్రాసు నుంచి వచ్చాడు. రాత్రి బండికి తెనాలిలో దిగి, తెల్లారి బస్సులో వచ్చాడు, ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో చుట్టూ చిల్లులు పొడిచిన అట్టపెట్టె. మేమందరం స్వీట్లనుకుని మూగాం. పెట్టె లోపల నుంచి సన్నగా, పీలగా, అచ్చం చిన్నపిల్లాడు కోడికూత అనుకరించినట్టు ఒక కూత వచ్చింది. మూర్ మార్కెట్ దగ్గర కొన్నాడంట, ఒక పుంజు, ఒక పెట్ట. పెట్టె విప్పగానే పుంజు బయటికి దూకి, ఒళ్ళు దులుపుకుని, వాకిట్లో వేసిన ముగ్గు మధ్యలోకెళ్ళి నిలబడి ఇంకోసారి కూసింది. రాత్రంతా రైల్లో చీకట్లో కూర్చుని వచ్చిన ప్రాణి, దిగిన రెండో నిమిషంలో ఇల్లు నాదే అన్నట్టు కూయడం, అది చూసిన వాళ్ళెవరూ మర్చిపోలేరు.

తాతయ్య రెండింటినీ గుడ్డ సంచిలో వేసి స్ప్రింగు కాటాకి తగిలించాడు. పుంజు ముప్పావు కేజీకి ఒక ముల్లు తక్కువ, పెట్ట అరకేజీ చిల్లర. "ఇందులో సగం ఈకలే. కోస్తే పిల్లలకి తలా ఒక ముక్క రాదు, ఎందుకురా ఇవి" అన్నాడు. మావయ్య, "కోయడానికి కాదు నాన్నా, చూసుకోవడానికి" అన్నాడు. "చూసుకోవడానికి కోళ్ళేందిరా" అని తాతయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆ మాట మా ఇంట్లో చాలా ఏళ్ళు ఉండిపోయింది.

అవి ఎట్టా ఉండేవో చెప్పాలి. కాళ్ళు ఎంత పొట్టివంటే నడుస్తుంటే కాళ్ళే కనపడవు, ఒళ్ళు నేల మీద జారుకుంటూ పోతున్నట్టుండేది, రెక్కల కొసలు మట్టికి ఆనేవి. తోక మాత్రం నిటారుగా లేచి తలకి తగులుద్దేమో అన్నంత దగ్గరగా నిలబడేది. ఒళ్ళంతా తెలుపు, తోక నలుపు, ఆ నల్ల ఈకలకి చుట్టూ సన్నటి తెల్ల అంచు, పట్టుచీరకి కొసన కట్టిన జరీ లాగా. ఒంటికి మించిన ఎర్రటి తురాయి. తాతయ్యది పల్నాడు వైపు, పందెం కోళ్ళ రంగులన్నీ ఆయనకి నోటికొచ్చు, డేగ, కాకి, నెమలి, పింగళ అని చూడగానే చెప్పేవాడు. దీన్ని మాత్రం అటూ ఇటూ తిప్పి చూసి, సేతువ అందామంటే తోక నలుపు, ఏ లెక్కలోకీ రావట్లేదే అని వదిలేశాడు. పేరు పెట్టింది కూడా ఆయనే. పల్నాటి కథలో బ్రహ్మనాయుడి పుంజు పేరు చిట్టిమల్లు కదా, కారంపూడి పక్క వాళ్ళకి ఆ కథ ఉగ్గుపాలతో పోస్తారు, ఒకరోజు మా నాటుపుంజు మీదకి మెడ ఈకలు గొడుగులా విప్పి దూకి దాన్ని మునగచెట్టు దాకా తరిమింది, అప్పుడు "ఓరి చిట్టిమల్లూ" అన్నాడు, అదే ఖాయమైపోయింది. మా ఇంట్లో పేరున్న మొదటి కోడి అది. పెట్టకి పేరు మా తమ్ముడు పెట్టాడు, బుడ్డి.

మిర్చి సీజన్లో అమ్మమ్మ వాకిట్లో గోతాం పట్టాలు పరుచుకుని పక్కింటి పిన్నీ ఇంకో నలుగురు ఆడవాళ్ళూ కూర్చుని తొడాలు తీసేవాళ్ళు. ముక్కుకీ మూతికీ చీర చెంగు చుట్టుకుని, మాటలు మాత్రం ఆగకుండా. మాకు ఆ చుట్టుపక్కలకి వెళ్ళినా తుమ్ములే. పగిలిన తాలు కాయల్లోంచి గింజలు రాలేవి కదా, ఈ పొట్టివి రెండూ వాళ్ళ మధ్యలో తిరుగుతూ ఆ గింజలు టిక్కు టిక్కు మని ఏరుకుని తినేవి. నాకు గుండె ఆగినంత పనయ్యేది. అమ్మమ్మా నోరు మండదా వాటికి అంటే, "కోడికి కారం తెలీదమ్మా, చిలక తినట్లా మిరపకాయ, అదీ అంతే" అనేది. అమ్మమ్మ నాలుగో తరగతి వరకే చదివింది. అమెరికాలో డేవిడ్ జూలియస్ అనే ఆయన ల్యాబులో 2002లో అదే సంగతి తేల్చారు, మనకి కారం తగిలితే నాలుక మీద స్పందించే ఆ చోటు కోళ్ళలో వేరే రకంగా ఉంటది, వేడి తెలుస్తది కానీ మిరపకాయ మంట తెలీదంట. కారం గురించీ వేడి గురించీ చేసిన ఆ పరిశోధనలకే ఆయనకి 2021లో నోబెల్ వచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాకు అమ్మమ్మ పట్టా మీద కూర్చుని చెంగు కింద నుంచి చెప్పిన ఆ మాటే గుర్తొచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ గింజల దగ్గరే చిట్టిమల్లు అసలు మనసు చూశాను నేను. మంచి గింజ కనపడితే అది తినదు. ముక్కుతో ఎత్తి, కింద పడేసి, మళ్ళీ ఎత్తి, కుక్ కుక్ కుక్ మని మెత్తగా పిలుస్తది. బుడ్డి ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి ఆ గింజ తినేదాకా దాని పక్కనే నిలబడి చూస్తది. పుంజులన్నీ కొంచెమో గొప్పో ఇది చేస్తాయి కానీ, పెద్ద పుంజులు సగంసార్లు వాళ్ళే మింగేయడం చూశాను, చిట్టిమల్లు మింగగా నేను చూడలేదు. ఎండాకాలం ఆకలి తక్కువ రోజుల్లో, చద్దన్నం మెతుకులు నాలుగే పడితే నాలుగూ బుడ్డికే పోయేవి. అమ్మమ్మ తాతయ్యకి వినపడేట్టు "చూడండి, మొగుడంటే అట్టా ఉండాల" అనేది, తాతయ్య పేపరు తిప్పుకునేవాడు.

ఇంకా చెప్పాలంటే ఇబ్బంది పెట్టని ప్రాణులు. నాటుకోళ్ళు కనకాంబరాల మళ్ళలో దిగాయంటే గోకి గోకి వేళ్ళు బయటపెట్టేవి, రోజూ అమ్మమ్మ కర్ర పట్టుకుని కాపలా. ఈ పొట్టి కాళ్ళతో గోకినా పైన దుమ్మే లేస్తది, మొక్కకి ఏం కాదు. గుప్పెడు నూకలు, కొంచెం తవుడు, అంతే రోజంతా. ఒళ్ళో పెట్టుకుంటే బరువు తెలీదు, వెచ్చదనం మాత్రం తెలుస్తది, ఈకల కింద వేలు పెడితే గుండె గబగబా కొట్టుకోవడం తెలిసేది. చిన్నపిల్లలకి భయం లేని సైజు. మా తమ్ముడు పెద్ద పుంజుని చూస్తే ఏడ్చేవాడు, చిట్టిమల్లుని మాత్రం చంకలో పెట్టుకుని వీధంతా తిప్పేవాడు.

గుడ్డు కూడా చిన్నదే. రెండు నాటు గుడ్లు పగలగొట్టే చోట మూడు పగలగొట్టాలి. అయితే అందులో తెల్లసొన తక్కువ, పచ్చసొనే ఎక్కువ అనిపించేది, ఆ సొన రంగు నేను ఇంకెక్కడా చూడలేదు, కాషాయానికి ఒక మెట్టు పైన. ఆ మిరపకాయల ఎరుపే సొనలోకి దిగుద్ది. నాకు టైఫాయిడ్ వచ్చి తగ్గాక పథ్యం విడిచిన రోజు అమ్మమ్మ బుడ్డి గుడ్డు ఉడకబెట్టి, రెండుగా కోసి, మిరియాలపొడి చల్లి పెట్టింది. నా చిన్న అరచేతిలో ఆ సగం గుడ్డు సరిగ్గా పట్టింది.

రోహిణీ కార్తెలో గుంటూరు ఎండ సంగతి తెలిసిందే. అప్పుడు నోరు తెరుచుకుని, రెక్కలు ఎడంగా దించుకుని రొప్పేవి. అమ్మమ్మ గోనెపట్టాలు తడిపి గూటి చుట్టూ కట్టేది, మట్టి మూకుడులో పల్చటి మజ్జిగ పెట్టేది.

తాతయ్య రిటైరయ్యాక కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నాడు. అప్పట్లో పట్టీ వేసి కొన్నాళ్ళు కదలొద్దనేవాళ్ళు, ఇంకో కన్ను కూడా మసకే, దాంతో వసారాలో నులకమంచం మీద పడుకుని పగలంతా వినడమే పని. ఆ పది పదిహేను రోజుల్లో ఆయన చిట్టిమల్లు భాష నేర్చుకున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి లేచి కూర్చుని "గద్దొచ్చింది, పిల్లల్ని గంప కింద పెట్టండే" అని అరిచాడు. అమ్మమ్మ బయటికెళ్ళి చూస్తే నిజంగానే వేపచెట్టు పైన గద్ద తిరుగుతోంది. కళ్ళకి పట్టీ ఉన్న మనిషికి ఎట్టా తెలిసింది అని మేమంతా నోరెళ్ళబెట్టాం. ఆయన కూర్చోబెట్టి చెప్పాడు, గద్దకి వేసే కేక వేరు, పిల్లికి వేసే కేక వేరు. గద్ద అయితే సన్నగా, సాగదీసి, ఒక్కటే కేక, అది వినగానే పెట్టా పిల్లలూ ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. పిల్లో కుక్కో అయితే టక్ టక్ టక్ మని గట్టిగా, ఆగకుండా, మెడ నిక్కించి ఊరందరికీ చెప్పినట్టు. ఆ తర్వాత నేనూ కళ్ళు మూసుకుని విని చూశాను, పదిసార్లలో ఎనిమిదిసార్లు చెప్పగలిగాను. తాతయ్య పదికి పది. పట్టీ విప్పాక కూడా మంచం వసారాలోనే ఉంచుకున్నాడు, ఎందుకంటే గాలి బావుంది అనేవాడు.

1996లో ఎండాకాలం ముందు కొక్కెర తెగులు వచ్చింది. ఇది చదివే వాళ్ళలో కోళ్ళు పెంచిన వాళ్ళకి ఆ పేరు చాలు. పుస్తకాల్లో న్యూకాజిల్ అంటారు, మన దేశంలో రాణీఖేత్ అనే ఊరి పేరు మీద రాణీఖేత్ జబ్బు అంటారు. పొద్దున్న ఒక నాటుపెట్ట మెడ వంకర తిప్పుకుని నిలబడింది, నోరు తెరిచి గాలి పీలుస్తోంది, ఆకుపచ్చగా పారుకుంటోంది. అమ్మమ్మ ఏం ఆలోచించకుండా చిట్టిమల్లునీ బుడ్డినీ గంపలో వేసి అటక మీదకెక్కించి, వాటి నీళ్ళ మూకుడు కూడా వేరుచేసి, కింద కోళ్ళని ముట్టుకున్న చేత్తో పైకి ఎక్కొద్దని మాకు ఒట్టు పెట్టింది. నాలుగు రోజుల్లో నాటుకోళ్ళన్నీ పోయాయి. అటకెక్కించడానికి దొరక్క కిందే ఉండిపోయిన పొట్టి పిల్లలు ఐదు, అవి కూడా పోయాయి. వీధిలో ఏ గూడూ మిగల్లేదు. దొడ్డి చివర గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చారు. పొద్దున్నే కూత వినపడని వీధి ఎట్టా ఉంటదో అప్పుడు తెలిసింది, అటక మీద నుంచి ఒక్క చిట్టిమల్లు గొంతే వచ్చేది, వీధిలో ముసలాళ్ళు దాని కూతకి లేచేవాళ్ళు.

మళ్ళీ సంవత్సరం అమ్మమ్మ టీకా వేయించాలని పట్టుబట్టింది. పశువుల ఆసుపత్రికి వెళ్తే వాళ్ళ మాట ఒకటే, సీసా తెరిస్తే వంద కోళ్ళ మందమ్మా, కలిపిన రెండు మూడు గంటల్లో అయిపోవాలి, మిగిలింది పారబోయాలి, మీ ఐదారు కోళ్ళ కోసం తెరవలేం. ఆ మాటలో తప్పు లేదు, కానీ ఆ తర్వాత ఏం చేయాలో చెప్పిన వాళ్ళూ లేరు. మూడుసార్లు తిరిగింది, ఎండలో, గంప నెత్తిన పెట్టుకుని. మూడోసారి ఇంటికొచ్చి గంప దించి, కాళ్ళు కడుక్కోకుండానే తాతయ్యతో, "వంద కావాలంటున్నారుగా, వంద తెద్దాం" అంది.

ఆ వారం నేను మర్చిపోను. అమ్మమ్మ ఇంటింటికీ వెళ్ళింది, మా వీధి, వెనక వీధి, ఆ పక్క సందు. తాతయ్య పాత పద్దుల పుస్తకం తీసి, టిక్కీలు రాసినట్టే గళ్ళు గీసి, ఇంటి పేరు, పుంజులెన్ని, పెట్టలెన్ని, పిల్లలెన్ని అని రాశాడు. మొత్తం ఎనభై మూడు వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఇద్దరూ వెళ్తే ఈసారి ఒప్పుకున్నారు. ఒక తెల్లవారుజామున, ఎండ రాకముందే, ఐసు వేసిన ఫ్లాస్కులో మందు తీసుకుని ఒక కాంపౌండరు గారు వచ్చారు. మా వాకిలి నిండా గంపలు, బుట్టలు, చంకల్లో కోళ్ళు, రాత్రే కాళ్ళు కట్టి తెచ్చిన వాళ్ళు కొందరు. చిన్న పిల్లలకి కంట్లో ఒక చుక్క, పెద్దవాటికి రెక్క కింద సూది. తాతయ్య అరుగు మీద కూర్చుని ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టాడు. చివరికి చిట్టిమల్లు వంతు వస్తే ఆయనే లేచి పట్టుకున్నాడు, రెండు చేతులా, మెత్తగా, సూది పడేటప్పుడు తల అటు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఏటా జరిగింది అది, నేను ఇంటరు చదివేదాకా. మా వీధికి మళ్ళీ ఆ తెగులు రాలేదు.

ఇక పొదుగు సంగతి. ఈ పొట్టి పెట్టలకి పొదగడమంటే మహా ఇష్టం, గుడ్లు లేకపోయినా ఉత్త గంపలో కూర్చుంటాయి. బుడ్డికి ఏడు గుడ్లే పెట్టేది అమ్మమ్మ, అంతకు మించి దాని రెక్కల కింద పట్టవు. గంపలో అడుగున బూడిద, దాని మీద వేపాకు, పైన వరిగడ్డి, పేలు పట్టకుండా. గడ్డి కింద ఒక ఇనప మేకు, ఉరుములకి గుడ్లు చెడకుండా. బుడ్డి రోజుకి ఒక్కసారి దిగేది, పావుగంట, తిని, తాగి, దుమ్ములో ఒకసారి పొర్లి, మళ్ళీ పరుగు. ఏడో రోజు రాత్రి కరెంటు పోయినప్పుడు చూడాలి ఆ తమాషా. అట్టముక్కకి గుడ్డంత చిల్లు చేసి, వెనక టార్చిలైటు పెట్టి, చిల్లుకి గుడ్డు ఆనించేది అమ్మమ్మ. బాగున్న గుడ్డులో ఎర్రటి సాలెపురుగు కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టు నరాలు, మధ్యలో ఒక చుక్క అటూ ఇటూ కదిలేది. నేను ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. ఏడింటిలో ఒకటో రెండో మాత్రం అట్టా ఉండేవి కావు, లోపల ఒక ఎర్ర గీత గుండ్రంగా, అంతే. "ఇది పోయింది, ఉరుము తగిలింది దీనికి" అని పక్కన పెట్టేసేది. ఉరుములే లేని జనవరిలో కూడా ఒకటి రెండు అట్టా అయ్యేవి, అప్పుడు మేకు సరిగ్గా పెట్టలేదని తనని తనే తిట్టుకునేది.

ఇరవయ్యో రోజు సాయంత్రం గుడ్డు చెవి దగ్గర పెట్టి వినిపించేది. లోపల నుంచి పీక్, పీక్. బయట నుంచి బుడ్డి గొంతులో గొంతు పెట్టి గొణిగేది, లోపల నుంచి మళ్ళీ జవాబు. పెంకు పగలకముందే తల్లీ బిడ్డా మాట్లాడుకోవడం నా చెవితో విన్నాను నేను. తెల్లారేసరికి రెక్కల కింద నుంచి తడి ఆరని తలలు, ముక్కు కొసన తెల్లటి చిన్న ముల్లు, ఆ ముల్లుతోనే పెంకు కొట్టుకుని వస్తాయి, రెండు మూడు రోజుల్లో రాలిపోద్ది. నా బొటనవేలంత ఉండేది ఒక్కో పిల్ల.

అందులో ఒకటో రెండో పొడుగు కాళ్ళతో పెరిగేవి, మామూలు కోడి కాళ్ళు. అమ్మమ్మకి పక్కింటి నాటుపుంజు మీద అనుమానం. పక్కింటి పిన్నితో ఈ విషయం మీద నాలుగు రోజులు మాటల్లేవు కూడా.

ఇవన్నీ ఎందుకయ్యాయో నాకు పెళ్ళయి పిల్ల పుట్టాక, ఒక రాత్రి ఫోన్లో ఆ రూపం ఉన్న కోళ్ళ బొమ్మ కనపడితే చదువుతూ పోయి తెలుసుకున్నా. చిట్టిమల్లు రకం జపాన్ పొట్టికోడి, అక్కడ చాబో అంటారు. ఆ పొట్టి కాళ్ళనిచ్చే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తే ఆ పిల్ల బతకదు, పొదుగుకి పెట్టిన కొద్ది రోజులకే గుడ్డులోనే ఆగిపోద్ది. పొట్టిదాన్నీ పొట్టిదాన్నీ కలిపితే సగటున నాలుగింట ఒక గుడ్డు అట్టా పోద్ది, నాలుగింట ఒకటి పొడుగు కాళ్ళతో పుడతది, రెండు పొట్టివి. అంటే ఉరుము లేదు, మేకు తప్పు లేదు, పక్కింటి పుంజు తప్పు అసలే లేదు. అప్పటికి అమ్మమ్మ లేదు. పక్కింటి పిన్ని ఉంది, పెద్దదైపోయింది, ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు నవ్వి, నవ్వుతూనే ఏడ్చింది, "మీ అమ్మమ్మకి చెప్పాల్సిందే అమ్మా ఈ ముక్క" అని.

బాంటమ్ అనే మాట జావా దీవిలో బాంటెన్ అనే రేవు పేరు నుంచి వచ్చిందని కూడా ఆ రాత్రే చదివాను. ఓడల వాళ్ళు దారిలో తిండికని అక్కడ చిన్న కోళ్ళని కొని ఎక్కించుకునేవాళ్ళు, ఆ రేవు పేరే పొట్టి కోళ్ళన్నింటికీ పేరైంది. 1611లో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళ గ్లోబ్ అనే ఓడ మన నిజాంపట్నం రేవుకీ మచిలీపట్నానికీ వచ్చి, ఇక్కడి నుంచి ఆ బాంటెన్‌కే వెళ్ళింది, మన నేత బట్టలు అక్కడ పెట్టి మిరియాలు కొనేవాళ్ళు. నిజాంపట్నం మొన్న మొన్నటిదాకా మన గుంటూరు జిల్లానే. ఆ ఓడల్లో ఒక్క పొట్టి పుంజైనా మన ఒడ్డుకి దిగి ఒక కూత కూసుంటదా అని నాకు ఎప్పుడూ ఒక ఆశ.

చిట్టిమల్లు 2002 చలికాలంలో పోయింది. ముసలిదై, కూత బొంగురుపోయి, చివరి నెలల్లో తాతయ్య మంచం కింద గోనెపట్టా మీదే పడుకునేది. ఒక పొద్దున కూయలేదు. తాతయ్య ఎవరినీ పిలవకుండా తనే వేపచెట్టు కింద గుంట తీశాడు, డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. నేను వెళ్ళేసరికి చేతుల మీద పెట్టుకుని కూర్చున్నాడు. బరువు చూసినట్టు కొంచెం పైకి కిందకి ఆడించాడు, అలవాటు. "అర కేజీ కూడా లేదు తల్లీ" అన్నాడు, ఇంకేం మాట్లాడలేదు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు, అన్నదమ్ముల వాటాలయ్యాక అమ్మేశారు, ఫ్లాట్లు కట్టారు.

మేం ఇప్పుడు గోరంట్ల వైపు ఉంటున్నాం, సొంత డాబా. రెండేళ్ళ కిందట మా అమ్మాయి కుక్కపిల్ల కావాలని గోల చేస్తుంటే నేను పొట్టి కోళ్ళు తెచ్చాను. పుంజు పొట్టి కాళ్ళది, మళ్ళీ తెలుపు మీద నల్ల తోక, దొరికేదాకా వెతికాను. పెట్టని మాత్రం కావాలనే అదే రకంలో పొడుగు కాళ్ళదాన్ని తీసుకున్నా. అమ్మినతను నవ్వాడు, ఇది చూడ్డానికి బాగోదమ్మా, పొట్టిదే తీసుకోండి, జోడీ కుదురుద్ది అని. ఒక పొట్టి, ఒక పొడుగు అయితే ఆ జన్యువు వల్ల ఏ గుడ్డూ లోపల చావదు, పిల్లల్లో సగం పొట్టివి, సగం పొడుగువి, అంతే తేడా. అతనికి అదంతా చెప్పలేదు, డబ్బులిచ్చి తెచ్చుకున్నా.

ఆ పెట్టే నిన్న పొదుగుకొచ్చింది. రాత్రి అమ్మాయీ నేనూ గంప సర్దాం. బూడిద కోసం పక్క సందులో ఇస్త్రీ బండి అతన్ని అడిగి తెచ్చాం, వేపాకు పార్కులో కోశాం, వరిగడ్డి పళ్ళ కొట్లో పళ్ళ పెట్టెల్లోది. ఏడు గుడ్లు, పెన్సిల్‌తో ఒక్కోదాని మీద తేదీ రాసింది అమ్మాయి. అన్నీ పెట్టాక నేను డ్రాయరంతా వెతుకుతుంటే ఏంటమ్మా అంది. మేకు అన్నా. ఎందుకు అంది. ఉరుములకి అన్నా. నువ్వే కదా జన్యువు అని చెప్పావు, అందులోనూ మన పెట్ట పొడుగుది కదా అంది. అవును, చెప్పాను. మేకులేవీ దొరకలేదు, పాత తలుపు గడియది ఒక బోల్టు ఉంటే కడిగి, తుడిచి, గడ్డి కిందకి తోశాను. పెట్ట ఒకసారి దాన్ని ముక్కుతో పొడిచి చూసి, గుడ్లన్నీ ఒక్కొక్కటే గడ్డం కిందకి లాక్కుని, ఒళ్ళు ఉబ్బించుకుని కూర్చుంది.